పన్నెండు మంది టెస్టర్లను కొనకండి, మెస్‌ల దగ్గరికి వెళ్ళండి

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. మారతహళ్ళిలో ఉద్యోగం చేస్తూ, రాత్రిళ్ళు కూర్చుని, నెల భోజనాల మెస్‌ల కోసం లెక్కల యాప్ తయారుచేశారు. ఎవరు ఏ పూట తిన్నారు, ఎవరికి ఎంత బాకీ ఉంది, అడ్వాన్సు ఎంత మిగిలింది అన్నది తెలుగులో చూపిస్తుంది. గూగుల్ ప్లేలో పెట్టబోతే ముందుగా 12 మంది టెస్టర్లు 14 రోజులు ఉండాలన్నారు. ఆఫీసు స్నేహితులను 14 మందిని చేర్చారు, వారం తిరక్కుండానే ఐదుగురు తప్పుకున్నారు. ఇప్పుడు ఎవరో డబ్బు ఇస్తే 12 మందిని మేమే సమకూరుస్తామని సందేశం పంపారు. ఒప్పుకోవచ్చా, లేకపోతే మనుషుల్ని ఎక్కడ వెతకాలి అని అడిగారు.

ఒప్పుకోవద్దు. బెంగళూరులో పదిహేడేళ్ళుగా టెస్టింగ్ పనిలోనే ఉన్నాను. అందులో సగం కాలం, విడుదలకు ముందు యాప్‌ను వాడి చూసే బయటి మనుషుల్ని వెతకడమే నా పని. డబ్బుకు వచ్చేవాళ్ళు యాప్‌ను దించుకుంటారు, ఒకసారి తెరుస్తారు, మూసేస్తారు. వాళ్ళకు మెస్ లేదు, బాకీలు లేవు, మీ యాప్‌తో అవసరం లేదు. 14 రోజులు గడిచాక గూగుల్ మీతో ఒక దరఖాస్తు నింపిస్తుంది. టెస్టర్లను ఎలా సంపాదించారు, వాళ్ళు యాప్‌ను ఎలా వాడారు, ఏం చెప్పారు, దాన్ని బట్టి మీరు ఏం మార్చారు అని అందులో అడుగుతారు. కొన్న మనుషులతో ఆ గడులు నింపాలంటే అబద్ధాలు రాయాలి. టెస్టర్లు యాప్‌ను సరిగా వాడలేదని గూగుల్‌కు అనిపిస్తే ఇంకొన్నాళ్ళు పరీక్షించమని వెనక్కి పంపుతారు. అప్పుడు డబ్బుతో పాటు రెండు వారాలు కూడా పోతాయి. దరఖాస్తు గట్టెక్కినా, మొదటి మెస్ యజమాని యాప్ తెరిచిన రోజున మీకు ఏమీ తెలియని స్థితిలోనే ఉంటారు.

ముందు నిబంధన సంగతి సరిగా తెలుసుకోండి. 2023 నవంబరు 13 తర్వాత తెరిచిన వ్యక్తిగత డెవలపర్ ఖాతాలకే ఇది వర్తిస్తుంది. మొదట్లో 20 మంది కావాలన్నారు, 2024 డిసెంబరులో ఆ సంఖ్యను 12కు తగ్గించారు. క్లోజ్డ్ టెస్టింగ్‌లో, అంటే మీరు జాబితాలో చేర్చినవారికి మాత్రమే యాప్ అందే పరీక్షలో, కనీసం 12 మంది 14 రోజుల పాటు తెగకుండా చేరి ఉండాలి. మధ్యలో ఒకరు బయటికి వెళ్ళి మళ్ళీ చేరితే, వారి లెక్క మళ్ళీ మొదటి రోజు నుంచి మొదలవుతుంది. కాబట్టి సరిగ్గా 12 మందితో మొదలుపెట్టడం చాలా ప్రమాదం. నేనైతే 20 మందికి తక్కువ లేకుండా చేర్చుకుంటాను. ఫోను మార్చేవాళ్ళు ఉంటారు, ఊరికి వెళ్ళేవాళ్ళు ఉంటారు, జాగా చాలక యాప్ తీసేసేవాళ్ళు ఉంటారు. ఎనిమిది మంది అదనంగా ఉంటే మీకు రాత్రి నిద్ర పడుతుంది.

మీ ఆఫీసు స్నేహితుల మీద కోపం పెట్టుకోకండి. వాళ్ళు మీ కోసం చేరారు, యాప్ కోసం కాదు. వాళ్ళకు తగిన చోటు వేరే ఉంది. మీరు యాప్ ఎక్కించే గూగుల్ సైటు ప్లే కన్సోల్‌లో ఇంటర్నల్ టెస్టింగ్ అని ఉంటుంది, 100 మంది దాకా చేర్చుకోవచ్చు, కొత్త కూర్పు (వెర్షన్) పెట్టిన కాసేపటికే వాళ్ళకు అందుతుంది. యాప్ తెరుచుకుంటోందా, లాగిన్ అవుతోందా, కూడికలు సరిగా వస్తున్నాయా అన్న మొదటి వడపోత వాళ్ళతో చేయించుకోండి. ఆ వడపోతకు ఇద్దరు ముగ్గురు చాలు. అయితే ఇంటర్నల్ టెస్టింగ్‌లో గడిచిన రోజులు ఆ 14 రోజుల లెక్కలోకి రావు. రెండూ కలిపి చూసుకుని నష్టపోయిన కుర్రాళ్ళను చూశాను.

ఇక అసలు విషయం, ఎవరిని చేర్చుకోవాలి. ఇందులో నాకు కళ్ళు తెరిపించింది మెస్ కాదు, పాలు. నాలుగేళ్ళ క్రితం వాడుక పాల లెక్కల యాప్ ఒకదానికి టెస్టర్లను వెతికాను. కృష్ణరాజపురంలో చిత్తూరు జిల్లా నుంచి వచ్చి స్థిరపడిన ఒక అక్క, భర్తతో కలిసి డెబ్బై ఇళ్ళకు పాలు పోసేది. తెల్లవారుజామున ఐదింటికి టీవీఎస్ ఎక్సెల్ బండి మీద బయలుదేరేవారు. నేను వెనకాల స్కూటర్ మీద వెళ్ళాను. ఆమె ఫోను ఒక పాలిథిన్ సంచిలో చుట్టి ఉంది. వేళ్ళు ఎప్పుడూ తడిగానే ఉంటాయి, తడి వేలు తెర మీద సరిగా పని చేయదు, పైగా సంచి మడత సరిగ్గా తెర అడుగు భాగాన పడుతుంది. మా యాప్‌లో "నమోదు" అనే బొత్తాం అడుగునే ఉంది. నాలుగు ఇళ్ళ దాకా ఓపిగ్గా నొక్కింది. ఐదో ఇంటి దగ్గర ఫోను సంచిలో వేసి, బండి హ్యాండిల్‌కు దారంతో కట్టిన పుస్తకం తీసి గీత పెట్టింది. నావైపు చూసి, "ఇంటికెళ్ళాక ఎక్కిస్తాలే సార్" అంది. ఎక్కించలేదు.

ఆ పుస్తకాన్ని అడిగి తీసుకుని చూశాను. ప్రతి ఇంటికీ ఒక వరుస, ప్రతి తేదీకీ ఒక గడి. మామూలు రోజున ఒక గీత. పాలు వద్దన్న రోజున సున్నా. చుట్టాలు వచ్చి అర లీటరు ఎక్కువ పోసిన రోజున గీత మీద చిన్న చుక్క. పాలు విరిగిపోయాయని గొడవ పడి డబ్బు తగ్గించుకున్న రోజున గడి చుట్టూ ఒక వలయం. మా యాప్‌లో గీత ఉంది, సున్నా ఉంది. చుక్క లేదు, వలయం లేదు. మా ఆఫీసులో పదకొండు మంది ఆరు వారాలు ఆ యాప్‌ను పరీక్షించారు. ఒక్కరికీ ఆ చుక్క తట్టలేదు, ఎందుకంటే మాలో ఎవరూ పాలు పోసి బతకలేదు. ఆ రోజు నుంచి నేను టెస్టర్లను వెతికేటప్పుడు మొదట యాప్ గురించి మాట్లాడను. ఇప్పుడు లెక్క ఎక్కడ రాస్తున్నారో చూపించమంటాను.

మీరూ అలాగే చేయండి. మీకు దగ్గర్లోనే కావలసినంత మంది ఉన్నారు. మారతహళ్ళి, బీటీఎం లేఅవుట్, మడివాళ, ఎలక్ట్రానిక్ సిటీ, ఏ వైపు వెళ్ళినా పీజీ హాస్టళ్ళూ, వాటి మధ్యన ఆంధ్రా మెస్‌లూ కనిపిస్తాయి. మధ్యాహ్నం ఒంటిగంటకు వెళ్ళి యాప్ అంటే గరిటె తిప్పేస్తారు, అందులో తప్పు లేదు. మూడున్నరకు వెళ్ళండి. భోజనాలు అయిపోయి, గిన్నెలు కడుగుతూ, రాత్రి కూరగాయలు ఇంకా తరగడం మొదలుపెట్టని గంట అది. ముందు భోజనం చేసినవాళ్ళయితే ఇంకా మంచిది. రెండు మూడు రోజులు అక్కడ తిన్న మనిషికీ, తలుపు దగ్గర నిలబడి వివరాలు అడిగే మనిషికీ దొరికే మర్యాద వేరు.

మాట ఎలా మొదలుపెట్టాలో కూడా చెబుతాను, చాలామంది ఇక్కడే తడబడతారు. "మా యాప్ టెస్ట్ చేస్తారా" అని అడగకండి. టెస్ట్ అన్న మాట వినగానే తమకేదో పరీక్ష పెడుతున్నారని కొందరు జంకుతారు, ఏదో అంటగట్టడానికి వచ్చారని కొందరు అనుకుంటారు. "అన్నా, నెల భోజనాల లెక్క ఎలా రాసుకుంటున్నారు? ఒకసారి చూపిస్తారా?" అనండి. పుస్తకం చూపించారంటే అర్ధగంట మాట్లాడతారు. ఎవరు డబ్బు ఎగ్గొట్టి గది ఖాళీ చేసి వెళ్ళిపోయారో, నెలాఖరున ఎన్ని పూటల దగ్గర మాటా మాటా వచ్చిందో అన్నీ బయటికి వస్తాయి. ఆ తర్వాత, "దీన్ని ఫోనులో రాసుకునేలా ఒకటి తయారుచేస్తున్నాను, ఇంకా పూర్తి కాలేదు, తప్పులుంటాయి, రెండు వారాలు వాడి ఆ తప్పులు నాకు చెప్పగలరా" అని అడగండి. తప్పులుంటాయని ముందే చెప్పడం చాలా అవసరం. చెప్పకపోతే, ఏదైనా పని చేయనప్పుడు తమకే చేతకాలేదనుకుని నోరు మూసుకుంటారు. మన ఊళ్ళ నుంచి వచ్చిన పెద్దవాళ్ళలో ఈ మొహమాటం ఎంత ఎక్కువో మీకు తెలియనిది కాదు.

ఇరవై మందీ యజమానులే అయితే మళ్ళీ తప్పు చేసినట్టే. మెస్‌లో మీ యాప్‌ను ముట్టుకునే చేతులు కనీసం మూడు రకాలు. గల్లాపెట్టె దగ్గర కూర్చునే యజమాని లేదా వారి ఇంటావిడ, పూటపూటకూ హాజరు వేసే కుర్రాడు, నెలకోసారి డబ్బు చెల్లించి లెక్క అడిగే పీజీ కుర్రాళ్ళు. హాజరు వేసే కుర్రాడు చాలా మెస్‌లలో తెలుగువాడు కాదు. ఒడిశా నుంచో బిహార్ నుంచో వచ్చి ఉంటాడు, తెలుగు మాట్లాడతాడు కానీ చదవలేడు. మీ తెలుగు తెర అతని చేతిలో ఏమవుతుందో చూశారా? వాడకం సులువుగా ఉందో లేదో పరీక్షించే రంగంలో పేరున్న జాకబ్ నీల్సన్ 2000లో రాసిన ఒక లెక్కను మా రంగంలో అందరూ చెప్పుకుంటారు. ఐదుగురు మనుషులతో పరీక్షిస్తే వాడకంలోని ఇబ్బందుల్లో 85 శాతం దాకా బయటపడతాయన్నది దాని సారాంశం. అయితే ఆ ఐదుగురూ ఒకే రకం మనుషులైతేనే ఆ లెక్క. రకాలు వేరైతే ఒక్కో రకం నుంచి విడిగా కొందరిని తీసుకోవాలని ఆయనే అన్నాడు. అందుకని యజమానులు ఎనిమిది మంది, హాజరు వేసేవాళ్ళు ఐదారుగురు, తినేవాళ్ళు ఆరేడుగురు అనుకోండి.

మనుషుల రకాల తర్వాత ఫోన్ల రకాలు చూడాలి. ఇది చిన్న విషయమనుకోకండి. నేను పనిచేసిన ఒక సంస్థలో విడుదలకు ముందు అందరం ఖరీదైన ఫోన్ల మీద, ఆఫీసు వైఫై మీద పరీక్షించాం. విడుదలైన వారానికి ఒకటే ఫిర్యాదు, ఓటీపీ వస్తోంది కానీ లోపలికి వెళ్ళలేకపోతున్నామని. మా దగ్గర ఎంత ప్రయత్నించినా ఆ తప్పు కనిపించలేదు. చివరికి రెండు జీబీ ర్యామ్ ఉన్న ఒక పాత ఫోను తెప్పించి చూస్తే అర్థమైంది. ఓటీపీ చూడడానికి మెసేజీల్లోకి వెళ్ళగానే, జ్ఞాపకం చాలక ఫోను మా యాప్‌ను మూసేస్తోంది. తిరిగి వస్తే యాప్ మొదటి నుంచి తెరుచుకుని, కొత్త ఓటీపీ పంపి, పాతది చెల్లదంటోంది. మనిషి ఆ అంకెలు చూసి వచ్చేలోపు అవి పనికిరాకుండా పోతున్నాయి. మూడు రోజులు నిద్ర లేదు మాకు. ఆండ్రాయిడ్ డెవలపర్ సెట్టింగుల్లో, వెనక్కి వెళ్ళిన తెరలను నిలపకుండా చేసే అమరిక ఒకటుంది. దాన్ని పెట్టుకుని మీ యాప్‌ను ఈ రాత్రే ఒకసారి తిప్పి చూడండి.

టెస్టర్ల జాబితా రాసుకునేటప్పుడు పేరు పక్కన ఫోను మోడల్, ఆండ్రాయిడ్ కూర్పు, ర్యామ్, మిగిలిన జాగా రాసుకోండి. శాంసంగ్, షావోమీ, వివో, ఒప్పో, రియల్‌మీ ఫోన్లు కనీసం ఒక్కొక్కటైనా ఉండేలా చూసుకోండి. వీటిలో కొన్ని బ్యాటరీ ఆదా చేయడం కోసం వెనకాల నడిచే యాప్‌లను నిర్దాక్షిణ్యంగా ఆపేస్తాయి. బాకీ ఉన్నవాళ్ళకు ఒకటో తేదీ ఉదయం గుర్తుచేసే సందేశం పంపే సౌకర్యం పెట్టానని రాశారు కదా, అది మీ ఫోనులో మోగుతుంది, షావోమీలో మోగకపోవచ్చు.

తెలుగు అక్షరాల గురించి ప్రత్యేకంగా చెప్పాలి. వయసు మళ్ళినవాళ్ళు ఫోనులో అక్షరాలను పెద్దవి చేసుకుని వాడతారు. బొత్తాం ఎత్తు మీరు కొలిచి బిగించేసి ఉంటే, ఆ పెద్ద అక్షరాల్లో కింది వత్తులు తెగిపోతాయి. "మొత్తం" అన్నది "మొతం" అవుతుంది, "పద్దు" అన్నది "పదు" అవుతుంది. ఇంగ్లీషు అక్షరాలతో గీసుకున్న నమూనా మీద ఈ తప్పు ఎప్పటికీ కనిపించదు. అలాగే పేరు వెతికే పెట్టె. యజమాని లక్ష్మణ్ అని తెలుగులో ఎక్కిస్తాడు, హాజరు వేసే కుర్రాడు ఇంగ్లీషు అక్షరాలతో వెతుకుతాడు. అందులోనూ ఒకరు ఒక రకం వర్ణక్రమం, ఇంకొకరు ఇంకో రకం. మనిషి దొరకకపోతే కొత్తగా ఎక్కించేస్తాడు, నెలాఖరుకు ఒకే మనిషికి రెండు పద్దులు. ఇలాంటివి మీ టెస్టర్లే చూపించాలి, మనం ఇంట్లో కూర్చుని ఊహించలేం.

నెట్ లేని చోటు కూడా చూడండి. చాలా మెస్‌లు సెల్లార్లలో నడుస్తాయి, సిగ్నల్ ఒక గీత ఉంటుంది, ఒక్కోసారి అదీ ఉండదు. మీకు దగ్గర్లో సెల్లార్ మెస్ దొరక్కపోతే పర్పుల్ లైన్ మెట్రోలో కబ్బన్ పార్కు నుంచి మెజెస్టిక్ దాకా భూగర్భంలో వెళ్తూ హాజరు వేసి చూడండి. నెట్ వచ్చీ పోయే చోట, ఒకసారి నొక్కిన హాజరు రెండుసార్లు పడుతుందేమో చూడాలి. డబ్బు లెక్కలో అంతకంటే చేటు చేసే తప్పు లేదు.

ఇప్పుడు చేర్చుకునే ఘట్టం. ఉత్సాహంగా ఒప్పుకున్నవాళ్ళలో చాలామంది ఈ గడప దగ్గరే జారిపోతారు. మీరు లింకు వాట్సాప్‌లో పంపుతారు, వాళ్ళు నొక్కుతారు, యాప్ అందుబాటులో లేదని వస్తుంది, ఊరుకుంటారు. కారణం దాదాపు ఎప్పుడూ ఒకటే. మీరు జాబితాలో రాసుకున్న జీమెయిల్ ఒకటి, ప్లే స్టోరులో ఉన్నది ఇంకొకటి. యజమాని ఫోనులో కొడుకు ఖాతా ఉంటుంది, లేదా ఫోను అమ్మిన కొట్టువాడు తెరిచి ఇచ్చిన ఖాతా ఉంటుంది, అది వాళ్ళకే తెలియదు. కాబట్టి జీమెయిల్ నోటితో అడగకండి. ప్లే స్టోరు తెరిచి, పై మూల గుండ్రటి బొమ్మ నొక్కి, అక్కడ కనిపించేదాన్ని మీ కళ్ళతో చూసి రాసుకోండి. లింకు తెరిచి, టెస్టరుగా చేరడానికి అంగీకారం నొక్కించి, ప్లే స్టోరు నుంచే యాప్ దింపించి, మొదటిసారి తెరిచి చూసేదాకా పక్కనే కూర్చోండి. మనిషికి పది నిమిషాలు పడుతుంది. వాట్సాప్‌లో నేరుగా ఫైలు పంపి ఎక్కించుకోమంటే వాళ్ళు టెస్టర్లుగా లెక్కలోకి రారు, పైగా తెలియని ఫైలు ఎక్కించుకునే అలవాటు చేసిన పాపం మనది. క్లోజ్డ్ టెస్టింగ్ జాబితాలో దేశంగా భారత్‌ను ఎంచుకున్నారో లేదో కూడా సరిచూసుకోండి.

లాగిన్ ఓటీపీతోనే అయితే ఇంకో సంగతి. గూగుల్ తనిఖీదారులకు మీ ఓటీపీ రాదు. యాప్ లోపలికి వెళ్ళే దారిని ప్లే కన్సోల్‌లో రాసి ఇవ్వాలి. లాగిన్ కోసం గూగుల్ వారి ఫైర్‌బేస్ సేవ వాడుతున్నట్టయితే, స్థిరమైన అంకెతో పనిచేసే పరీక్ష నంబరు ఒకటి పెట్టుకోవచ్చు. ఇది మరిచిపోయి తిరస్కరణ తెచ్చుకున్నవాళ్ళు నాకే పదిమంది తెలుసు.

తేదీలు ఎంచుకోవడంలో తొందరపడకండి. మెస్‌లో డబ్బు చేతులు మారేది నెలాఖరు నుంచి ఐదో తేదీ దాకా. మీరు ఎనిమిదో తేదీన మొదలుపెట్టి ఇరవై రెండున ముగిస్తే, హాజరు తప్ప ఇంకేమీ పరీక్షించనట్టే. బాకీ తేలడం, అడ్వాన్సు తగ్గించడం, మధ్యలో ఊరెళ్ళినవాడికి పూటలు కొట్టేయడం, ఇవన్నీ ఆ వారం రోజుల్లోనే జరుగుతాయి. ఇరవై నాలుగు, ఇరవై ఐదు తేదీల్లో మొదలుపెట్టండి. సంక్రాంతి, దసరా రోజులు మాత్రం వదిలేయండి. పీజీలన్నీ ఖాళీ అవుతాయి, కుర్రాళ్ళంతా బస్సుల్లో ఉంటారు, మెస్‌లు తలుపులు వేస్తాయి.

ఒక్క మాట గట్టిగా చెబుతున్నాను, దయచేసి పాటించండి. ఆ రెండు వారాలూ పాత పుస్తకం ఆపించకండి. పుస్తకంలోనూ రాయమనండి, యాప్‌లోనూ ఎక్కించమనండి. వాళ్ళకు రెట్టింపు పని, నిజమే. కానీ మీ యాప్‌లో తప్పు జరిగి ఒక మెస్ యజమాని నాలుగు వేలు పోగొట్టుకుంటే, అది ఆ ఇంటి బియ్యం డబ్బు. పైగా ఐదో తేదీన రెండు లెక్కలూ పక్కపక్కన పెట్టి చూసినప్పుడు తేడా వచ్చిన ప్రతి వరుసా మీకు నిధి. ఆ తేడాల కోసమే మీరు ఇదంతా చేస్తున్నారు.

టెస్టర్ల నుంచి మాట రాబట్టడానికి నేను ఫారాలు పంపను. మెస్ నడిపే మనిషి రాత్రి పదకొండింటికి పది ప్రశ్నల ఫారం నింపడు. వాట్సాప్‌లో గొంతు సందేశం పంపమనండి, తెర ఫోటో తీయమనండి. అందరినీ ఒకే గ్రూపులో వేయకండి. మొదటివాడు బాగుందంటే మిగతావాళ్ళు అదే అంటారు, పైగా ఒక మెస్ సంగతులు పక్క మెస్‌కు తెలియడం ఎవరికీ ఇష్టముండదు. విడివిడిగా మాట్లాడండి. యాప్ ఎలా ఉందని అడగకండి, బాగుందనే చెబుతారు. "నిన్న రాత్రి హాజరు ఎవరు వేశారు? ఎక్కడ ఆగారు? ఆగినప్పుడు ఏం చేశారు?" అని అడగండి. జరిగినదాన్ని అడిగితే మొహమాటం అడ్డురాదు.

వారానికి ఒకసారైనా పక్కన కూర్చుని చూడండి. చూసేటప్పుడు చేయి చాచకండి. వాళ్ళు తప్పు బొత్తాం దగ్గర వెతుకుతుంటే మీ వేలు దానంతటదే తెర మీదికి వెళ్ళబోతుంది, ఆపుకోండి. ఆ పది సెకన్ల తడబాటు మీ కళ్ళతో చూడడానికే వెళ్ళారు. పాల అక్క దగ్గర నేను నేర్చుకున్నది ఇదే, మూడో ఇంటి దగ్గర నేను సాయం చేసి ఉంటే ఐదో ఇంటి దగ్గర పుస్తకం బయటికి వచ్చేదే కాదు.

వాళ్ళ సమయానికి ఏమివ్వాలని అడిగారు. యజమానులకు, యాప్ బయటికి వచ్చాక ఒక ఏడాది రుసుము లేకుండా ఇస్తానని రాసివ్వండి. హాజరు వేసే కుర్రాళ్ళకు ఫోను రీఛార్జి చేయించండి, ఆ కుర్రాళ్ళను అందరూ మరిచిపోతారు. ఏమిచ్చినా అది తప్పులు చెప్పినందుకు ఇవ్వండి. విడుదలయ్యాక ఐదు నక్షత్రాలు వేస్తే ఇస్తామని మాత్రం అనకండి, గూగుల్ ప్లే నియమాలకు అది విరుద్ధం. టెస్టింగ్ కాలంలో ప్లే స్టోరు నుంచి వాళ్ళు రాసే అభిప్రాయం మీకొక్కరికే కనిపిస్తుంది, బయటి రేటింగుకు అంటదు. ఆ సంగతి చెబితే ధైర్యంగా రాస్తారు.

మీరు ఆలోచించని మనుషులు ఇంకొందరున్నారు. మెస్‌లో తినేవాళ్ళ పేర్లు, ఫోను నంబర్లు, బాకీలు మీ యాప్‌లోకి వస్తున్నాయి. యజమాని ఒప్పుకున్నాడు, తినేవాళ్ళు ఒప్పుకున్నారా? మన దేశంలో డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం 2023లో వచ్చింది. దేనికోసం సేకరిస్తున్నామో చెప్పి అనుమతి తీసుకోవడం దాని మూలసూత్రాల్లో ఒకటి. 18 ఏళ్ళు నిండనివారి విషయంలో తల్లిదండ్రుల అనుమతి కావాలని ఆ చట్టం చెబుతోంది, కోచింగ్ సెంటర్ల పక్కన మెస్‌లలో అలాంటి పిల్లలు ఉంటారు. పరీక్ష కాలంలో అసలు నంబర్లు ఎక్కించకుండా, పొట్టి పేరో గది నంబరో వాడమనండి. గోడ మీద అంటించడానికి నాలుగు వరుసల తెలుగు కాగితం ఒకటి ఇవ్వండి. పరీక్ష అయ్యాక ఆ సమాచారం చెరిపేస్తానని అందులో రాసి, నిజంగా చెరిపేయండి.

ఐఫోను సంగతి రెండు ముక్కల్లో చెబుతాను, ఎందుకంటే మీ మెస్ యజమానుల్లో ఐఫోను ఉన్నవాళ్ళు తక్కువే ఉంటారు. ఆపిల్ దగ్గర ఈ 12 మంది నిబంధన లేదు. వాళ్ళ టెస్టింగ్ సాధనం టెస్ట్‌ఫ్లైట్ ద్వారా బయటి టెస్టర్లను 10,000 మంది దాకా చేర్చుకోవచ్చు, ఒక్కో కూర్పు 90 రోజులు పనిచేస్తుంది, బయటివారికి ఇచ్చే మొదటి కూర్పును వాళ్ళు ఒకసారి తనిఖీ చేస్తారు. ఏడాదికి 99 డాలర్లు కట్టాలి. ఆ డబ్బు ఇప్పుడే పెట్టకండి.

ప్లే కన్సోల్‌లో మీ యాప్ ఎక్కించగానే గూగుల్ తన ఫోన్ల మీద నడిపి ఇచ్చే నివేదిక ఒకటి ఉంటుంది, దాన్ని చదవకుండా ఒక్క టెస్టరునూ పిలవకండి. యంత్రం పట్టే తప్పుల కోసం మనిషి ఓపికను ఖర్చు చేయకూడదు. విడుదలయ్యాక కూడా, రోజూ వాడేవారిలో 1.09 శాతం మించిన వారికి యాప్ కళ్ళెదుట కూలిపోతుంటే, ప్లే స్టోరు దాన్ని జనానికి చూపించడం తగ్గించే అవకాశం ఉంది. కాబట్టి యాప్ ఎక్కడ కూలిందో మీకు తెలియజేసే క్రాష్‌లిటిక్స్ లాంటిది ఇప్పుడే పెట్టుకోండి.

రోజుకో పుట కేటాయించి చేతితో ఒక దినచర్య రాయండి. ఏ తేదీన ఎవరు ఏమన్నారు, మీరు ఏం మార్చారు, మార్చనిది ఎందుకు మార్చలేదు. 14 రోజుల తర్వాత గూగుల్ దరఖాస్తులో మీరు కొత్తగా ఆలోచించాల్సింది ఏమీ ఉండదు, ఆ పుటలు చూసి రాస్తే చాలు. జవాబు మామూలుగా వారంలోపు వస్తుంది. మధ్యలో ఎవరైనా తప్పుకుంటే బతిమాలకండి, ఒక్కసారి ఫోను చేసి ఎందుకు వదిలేశారో అడిగి రాసుకోండి. నాకు బాగా పనికివచ్చిన మాటలు చాలాసార్లు వదిలి వెళ్ళినవాళ్ళే చెప్పారు.

ఈ శనివారం మూడున్నరకు ఒకే ఒక్క మెస్‌కు వెళ్ళండి. లాప్‌టాప్ తీసుకెళ్ళకండి. వాళ్ళ పుస్తకంలో గత నెల పుట అడిగి చూడండి, అందులో మీ యాప్‌లో లేని గుర్తులు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టుకుని రండి. అవి సరిచేశాకే ఇరవై మంది జాబితా మొదలుపెట్టండి. జాబితా సిద్ధమయ్యాక పేర్లు లేకుండా, ఫోను మోడళ్ళూ ఎవరు ఏ పని చేస్తారన్నదీ రాసి పంపండి. ఏ రకం మనిషి తగ్గారో, ఏ ఫోను తగ్గిందో చూసి చెబుతాను. మడివాళ వైపు ఇద్దరు మెస్ యజమానులు నాకు బాగా తెలుసు, వాళ్ళను అడిగి, ఒప్పుకుంటే మీతో కలుపుతాను.